ప్రభుత్వ కొనుగోళ్లలో గిరిజనుల వాటా: పాలమూరు, నల్లగొండ

రోడ్డు వేయాలన్నా, చెరువు పూడిక తీయాలన్నా, హాస్టలు పిల్లలకు సబ్బులు, దుప్పట్లు ఇవ్వాలన్నా ప్రభుత్వం ఎవరో ఒకరి దగ్గర కొనాల్సిందే, ఎవరో ఒకరితో చేయించుకోవాల్సిందే. ఈ కొనుగోళ్లలో, పనుల్లో గిరిజనులకు దక్కిన స్థానం ఏమిటి, వారికి తరతరాలుగా జరిగిన నష్టాన్ని పూడ్చడానికి అవి ఎంతవరకు పనికొచ్చాయి అన్నది ఈ వ్యాస విషయం. పరిధి దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు), ఉమ్మడి నల్లగొండ జిల్లాలు. 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజన, 2019లో నారాయణపేట ఏర్పాటు తర్వాత ఇవి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట, నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలయ్యాయి. కొన్ని మండలాలు రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల్లో కలిశాయి.

ఇక్కడి గిరిజనులకు సర్కారుతో బేరం కొత్త కాదు. సైన్యాలకు ధాన్యం మోశారు, అడవి సరుకు అమ్మారు, ఆనకట్టలకు మట్టి ఎత్తారు. ప్రతి కాలంలోనూ ప్రభుత్వం వారి దగ్గర ఏదో ఒకటి తీసుకుంటూనే ఉంది. ధర ఎవరు చెప్పారు, కాగితం మీద సంతకం ఎవరు పెట్టారు అనే దగ్గరే వారి బతుకు బాగుపడటమో, చితికిపోవటమో తేలింది.

ప్రజలు, ప్రాంతం

2011 జనగణన ప్రకారం ఉమ్మడి నల్లగొండ జనాభాలో షెడ్యూల్డు తెగల వారు సుమారు 11 శాతం, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో సుమారు 9 శాతం. వీరిలో అత్యధికులు లంబాడాలు. దేవరకొండ, చందంపేట, డిండి, దామరచర్ల, మఠంపల్లి వైపు, అటు అచ్చంపేట, కల్వకుర్తి, బాలానగర్, కొడంగల్ వైపు వారి తండాలు విస్తరించి ఉన్నాయి. సంఖ్యలో తక్కువైనా ఈ నేలకు అందరికంటే పాతవారు చెంచులు. అమ్రాబాద్ పీఠభూమి మీద అప్పాపూర్, రాంపూర్, సార్లపల్లి, మేడిమల్కల వంటి పెంటల్లో (అడవిలోని చెంచు గూడేల్లో), నల్లమల అంచు గ్రామాల్లో వారు నివసిస్తారు. ఎరుకలు రెండు జిల్లాల్లోనూ అక్కడక్కడా ఉన్నారు.

హక్కుల విషయంలో వీరంతా ఒకే గట్టున లేరు. చెంచులకు 1950 నుంచే షెడ్యూల్డు తెగ గుర్తింపు ఉంది. తర్వాత కేంద్రం వారిని ఆదిమ గిరిజన తెగల జాబితాలోనూ చేర్చింది. తెలంగాణ లంబాడాలకు ఎస్టీ హోదా 1976 నాటి సవరణ చట్టంతో, 1977 నుంచి వచ్చింది. అయిదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం పాలమూరులో అమ్రాబాద్ చుట్టుపక్కలకే పరిమితం. నల్లగొండలో అసలు లేదు. భూ బదలాయింపును కట్టడి చేసే 1/70 చట్టం, షెడ్యూల్డు ప్రాంత పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం, అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ నిబంధనలు ఇవన్నీ షెడ్యూల్డు ప్రాంతానికే వర్తిస్తాయి. అందువల్ల ఏజెన్సీలో గిరిజన సహకార సంఘాలకు ఇసుక రీచ్‌లు ఇచ్చే విధానం గోదావరి తీరాన అమలైంది గానీ మూసీ, దుందుభి ఒడ్డున ఉన్న తండాలకు అందలేదు.

ఎడ్ల బిడారుల కాలం

రైలు రాకముందు దక్కనులో సరుకు నడిచింది లంబాడాల ఎడ్ల మీదే. తీరం నుంచి ఉప్పు, లోపలి సీమల నుంచి ధాన్యం, పత్తి పెరికెల్లో నింపి వేల ఎడ్లను తోలుకుంటూ నెలల తరబడి సాగేవారు. మచిలీపట్నం నుంచి గోల్కొండకు పోయే పాత బాట నల్లగొండ సీమ మీదుగానే నడిచింది. బిడారుకు నాయక్ పెద్ద. దారి, మజిలీ, బేరం, తగవు తీర్పు అన్నీ ఆయనవే.

సైన్యాలు వీరికి అతిపెద్ద ఖాతాదారులు. షాజహాన్ కాలంలో, 1630 ప్రాంతాల్లో, ఆసఫ్ ఖాన్ దక్కను దండయాత్రకు భంగి, జంగి అనే నాయకులు 1,80,000 ఎడ్లతో ధాన్యం చేరవేశారని లంబాడాల సంప్రదాయ కథనం. వారికి తామ్రశాసనం దక్కిందని, ఎడ్లకు మేత, నీరు ఎక్కడైనా అడ్డు లేకుండా ఇవ్వాలని అందులో ఉందని పెద్దలు చెప్పుకుంటారు. మైసూరు యుద్ధాల్లో, 1792లోనూ 1799లోనూ, శ్రీరంగపట్నం మీదికి నడిచిన ఈస్టిండియా కంపెనీ, నిజాం సేనలకు తిండి అందడం చాలావరకు ఈ బిడారుల మీదే ఆధారపడింది. అప్పటి సేనానుల లేఖల్లో వీరి ప్రస్తావన పదే పదే వస్తుంది. ధాన్యం నాయక్‌ది, ఎడ్లు నాయక్‌వి, ధర నాయక్ చెప్పేది. గిట్టకపోతే బిడారు మరో దారి పట్టేది. నేటి మాటల్లో చెప్పాలంటే సొంత పెట్టుబడి, సొంత రవాణా ఉన్న సరఫరాదారులు వారు.

1874లో సికింద్రాబాద్‌ను వాడి జంక్షనుతోనూ, 1889 నాటికి బెజవాడతోనూ రైలు మార్గం కలిపింది. ఎడ్ల వ్యాపారం కుప్పకూలింది. బ్రిటిష్ పాలనలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం సంచార జాతులపై, చాలా చోట్ల లంబాడాలపై కూడా దొంగలన్న ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. ఒకనాడు రాజ్యానికి తిండి పెట్టినవారిని రాజ్యమే అనుమానితుల పట్టీలో రాసుకుంది. ఈ ప్రాంతంలో ఆర్థిక న్యాయం గురించి మాట్లాడేవారు తప్పక గుర్తుంచుకోవలసిన చరిత్ర ఇది. లంబాడాలకు వ్యాపారం నేర్పాల్సిన అవసరం లేదు, వారి చేతి నుంచి జారిపోయిన వ్యాపారం తిరిగి దక్కాలి.

అడవి సరుకు, జీసీసీ

చెంచుల కథ వేరు. నిజాం కాలంలో అమ్రాబాద్ అడవిలో కలప, వెదురు, ఆబ్నూసు ఆకు (తునికాకు) గుత్తలకు పోయేవి. గుత్తేదారులు బయటివారు, చెంచులు కూలీలు. 1940 తర్వాత ఇక్కడ తిరిగిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో చెంచులపై గ్రంథం వెలువరించాడు. వ్యాపారుల నుంచి, గుత్తేదారుల నుంచి వారికి రక్షణ కావాలని ఆయన నిజాం ప్రభుత్వానికి సూచించాడు.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వమే కొనుగోలుదారుగా ముందుకొచ్చింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పుట్టింది. గిరిజనుల అటవీ ఉత్పత్తులు కొనడం, డీఆర్ డిపోల ద్వారా బియ్యం, ఉప్పు, నూనె వంటివి అమ్మడం, చిన్న అప్పులివ్వడం దాని పనులు. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే జీసీసీ ఏర్పడింది. 1979 నాటి నియంత్రణ చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులు కొనే గుత్తాధికారాన్ని ఉమ్మడి రాష్ట్రపు జీసీసీకి ఇచ్చింది. షావుకారు దోపిడీకి అడ్డుకట్ట వేయడం ఉద్దేశం. ఆ ఉద్దేశం మంచిదే. అయితే కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర కూడా వాడిదే అవుతుంది.

నల్లమలలో జీసీసీ కొనే సరుకులో పేరున్నది తపసి జిగురు. చెంచు మనిషి చెట్టు బెరడు మీద చిన్న గాటు పెడతాడు. ఊరిన జిగురు గాలి తగిలి గట్టిపడ్డాక ఒలిచి తెస్తాడు. తెల్లగా, బెరడు పెచ్చు అంటకుండా ఉన్నది మొదటి రకం. ఎర్రబారినా, మట్టి అంటినా కింది రకం, ధర తగ్గిపోతుంది. ఆశకొద్దీ గాటు లోతుగా కొడితే చెట్టే చచ్చిపోతుంది. విశాఖపట్నానికి చెందిన కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు చెట్టు చావకుండా, జిగురు శుభ్రంగా తీసే పద్ధతులను గిరిజనులకు నేర్పాయి. ఈ జిగురు మందుల తయారీకి, కట్టుడు పళ్లు అతికే పొడులకు విదేశాలకు పోతుంది. చెట్టెక్కిన మనిషికి దక్కేది మాత్రం డిపో కాటా దగ్గర తేలిన రకానికి తగ్గ ధరే.

తేనె ఇంకా సాహసం. కొండ చరియకు పట్టిన పెద్ద తేనెపట్టు కోసం తాడు కట్టుకుని లోయలోకి దిగాలి. పైన తాడు పట్టేది చాలాసార్లు బావమరిదే. చెల్లెలు విధవ కావాలని ఏ అన్నా కోరుకోడు గదా అన్నది ఆ ఆచారం వెనుక నమ్మకం. 2020 మేలో కేంద్రం సవరించిన కనీస మద్దతు ధరల్లో అడవి తేనె కిలోకు 225 రూపాయలు, ఎండిన ఇప్పపువ్వుకు 30 రూపాయలు. అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం 2013-14లో మొదలైంది, శుద్ధి చేసి అమ్ముకునేందుకు వన్‌ధన్ కేంద్రాలు 2018లో వచ్చాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం సేకరించేవారిదేనని తేల్చి చెప్పింది. యజమానికి తన సరుకు ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ ఉండాలి. ఒకే కొనుగోలుదారును నిలబెట్టిన 1979 చట్టానికి, ఈ హక్కుకు మధ్య పొసగనితనం అప్పటినుంచీ ఉంది.

జీసీసీ కొనుగోలుదారే కాదు, ప్రభుత్వానికి సరఫరాదారు కూడా. గిరిజన ఆశ్రమ పాఠశాలలకు, గురుకులాలకు సబ్బులు, తేనె, కారం, పసుపు వంటివి అమ్ముతుంది. ఉత్తర తెలంగాణ ఏజెన్సీలో ఇక్రిశాట్ తోడ్పాటుతో ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ప్రాంతాల్లో గిరిజన మహిళల సంఘాలే పౌష్టికాహార తయారీ కేంద్రాలు నడిపాయి. సరుకు అంగన్‌వాడీలకు, పాఠశాలలకు పోయింది. ముడిసరుకు అమ్మినవారే తయారీదారులై సర్కారుకు బిల్లు పెట్టడం ఈ రంగంలో నాకు కనిపించిన అన్నిటికంటే విలువైన మార్పు. నల్లమల తేనెను దక్షిణ తెలంగాణ హాస్టళ్లకు చెంచు సంఘాల పేరు మీదే అందించే ఏర్పాటు ఇంతకంటే కష్టమేమీ కాదు. మంచి నమూనా రాష్ట్రంలో మరొకటీ ఉంది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు ఇచ్చి, ఆకలి చావులు చూసిన పట్టణానికి ప్రభుత్వం ఏళ్ల తరబడి పని కల్పించింది.

పాలమూరు లేబరు

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. సాగర్, శ్రీశైలం మొదలు దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలకో రాళ్లెత్తింది పాలమూరు లేబరు. వీరిలో దళితులు, వెనుకబడిన కులాల వారితో పాటు లంబాడాలూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. కంపెనీ కింద పెద్ద మేస్త్రీ, ఆయన కింద గుంపు మేస్త్రీ, అతని చేతిలో అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు. పండుగకో, పెళ్లికో తీసుకున్న ఆ అడ్వాన్సు తీరేదాకా పని వదిలి రావడం కుదరదు. వెట్టి నిర్మూలన చట్టం 1976లో, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చినా ఈ గొలుసు దశాబ్దాలు నిలిచింది.

ప్రభుత్వ నిర్మాణాల్లో ఈ జిల్లాల మనుషుల వాటా అపారం. గుత్తేదారుల జాబితాలో వారి వాటా దాదాపు శూన్యం. అన్ని రకాల మట్టి పని తెలిసిన మేస్త్రీ ఎందుకు గుత్తేదారు కాలేకపోయాడంటే జవాబు పనితనంలో దొరకదు, పెట్టుబడిలో దొరుకుతుంది. గుత్తేదారుగా నమోదు కావడానికి ఆస్తి చూపి సాల్వెన్సీ సర్టిఫికెట్ తేవాలి, గతంలో చేసిన పనుల విలువ చూపాలి, టెండరుకు ధరావతు కట్టాలి. పట్టా లేని పోడు భూమి ఆస్తి కింద చెల్లదు. మేస్త్రీగా చేసిన పనికి కాగితం లేదు.

ఇప్పటికీ అదే తీరు. శ్రీశైలం నుంచి నల్లగొండకు నీళ్లు తెచ్చే శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం అమ్రాబాద్ అడవి కింద నుంచే సాగుతుంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు అది కూలి 8 మంది చిక్కుకుపోయినప్పుడు, వారంతా ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన ఇంజినీర్లు, కార్మికులే. ఒకనాటి పాలమూరు వలస కూలీ స్థానంలో ఇప్పుడు జార్ఖండ్ కూలీ ఉన్నాడు. చెంచు పెంటలు తమ నేల కింద జరిగే పనికి ఏ హోదాలోనూ భాగస్వాములు కాలేదు.

కోటాలు, చట్టాలు

ప్రభుత్వ కొనుగోళ్లలో దళిత, గిరిజన వ్యాపారులకు వాటా కావాలన్న డిమాండు 2002 జనవరిలో భోపాల్ ప్రకటనతో దేశస్థాయికి ఎక్కింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం తన కొనుగోళ్లలో 30 శాతం ఎస్సీ, ఎస్టీ వ్యాపారుల నుంచి జరపాలని అప్పట్లో నిర్ణయించింది. 2005లో దళిత వాణిజ్య, పారిశ్రామిక మండలి (డిక్కీ) ఏర్పడింది. కేంద్రం 2012లో సూక్ష్మ, చిన్న పరిశ్రమల కొనుగోలు విధానాన్ని తెచ్చింది. కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 20 శాతం (2018 నుంచి 25 శాతం) చిన్న పరిశ్రమల నుంచి, అందులో భాగంగా మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల నుంచి జరపాలి. 2015 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. 2016లో లుధియానాలో ప్రారంభమైన జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ ఈ లక్ష్యానికి తోడు పెట్టినదే. అయినా ఎస్సీ, ఎస్టీల నుంచి కొన్న మొత్తం ఏళ్ల తరబడి 4 శాతానికి బాగా దిగువనే ఉండిపోయింది. ఆ కొద్దిలోనూ ఎస్టీల భాగం ఇంకా చిన్నది.

పాలమూరు సరిహద్దు దాటితే వచ్చే కర్ణాటక పనుల టెండర్లలోనే కోటా పెట్టింది. నిర్ణీత విలువ లోపు పనుల్లో ఎస్సీలకు 17.15, ఎస్టీలకు 6.95 శాతం. మొదట 50 లక్షలుగా ఉన్న ఆ పరిమితిని తర్వాత కోటి రూపాయలకు పెంచింది. తెలంగాణ 2014లో టీ-ప్రైడ్ పథకం తెచ్చి దళిత, గిరిజన పారిశ్రామికులకు పెట్టుబడి రాయితీలు ఇచ్చింది. దీని కింద ఎక్కువమంది మొగ్గింది వాహనాల వైపు. ట్రాక్టరు, టిప్పరు కొంటే కిరాయి ఆ రోజే చేతికొస్తుంది మరి. గిరిజన యువ పారిశ్రామికులకు ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో శిక్షణ ఇప్పించే పథకమూ నడిచింది. 2017లో ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. 2021లో మద్యం దుకాణాల కేటాయింపులో ఎస్టీలకు 5 శాతం ఇచ్చారు. సారా మిగిల్చిన గాయాలు మానని తండాలకు ప్రభుత్వం అంత చురుగ్గా అందించిన వాటా మద్యంలో కావడం బాధాకరం.

పని దక్కాక

తండాలో వంద మీటర్ల సీసీ రోడ్డు పని ఎలా నడుస్తుందో చూస్తే కోటా ఎక్కడ చిక్కుకుంటుందో తెలుస్తుంది. ఎస్టిమేటు మంజూరవుతుంది. చిన్న పని కనుక నామినేషన్ మీద రావచ్చు, లేదా టెండరులో పోటీపడి లెస్సు (అంచనా కంటే తక్కువ ధర) వేయాల్సి రావచ్చు. అగ్రిమెంటు అయ్యాక సిమెంటు, కంకర, ఇసుక, మిల్లరు కిరాయి, కూలీ అన్నీ గుత్తేదారు జేబులోంచే. ఇంజినీరు వచ్చి కొలతలు ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కించాలి, క్వాలిటీ వాళ్లు చూడాలి, బిల్లు ట్రెజరీకి చేరాలి. ఆ తర్వాత ఎదురుచూపు. నెలలు గడుస్తాయి, కొన్నిసార్లు ఏళ్లు. నూటికి రెండు, మూడు రూపాయల నెల వడ్డీకి తెచ్చిన డబ్బు ఈలోగా లాభాన్ని తినేస్తుంది.

పెట్టుబడి లేనివాడికి ఈ నిరీక్షణ సాధ్యం కాదు. అందుకే బినామీ పుట్టుకొస్తుంది. లైసెన్సు గిరిజనుడిది, పని మరొకరిది, పేరు వాడుకున్నందుకు ఇంత అని చేతిలో పెడతారు. గోదావరి ఇసుక సంఘాల్లోనూ ఇదే జరిగిందన్న ఆరోపణలు వచ్చాయి. సంఘం గిరిజనులది, యంత్రాలూ పెట్టుబడీ ఇసుక తవ్వి ఎత్తే రైజింగ్ కాంట్రాక్టరువి. కాగితం మీద కోటా నిండుతుంది, ఇంట్లో పొయ్యి మాత్రం కూలి డబ్బుతోనే వెలుగుతుంది. ధరావతు మినహాయింపు, పని మొదట్లోనే కొంత అడ్వాన్సు, గడువు దాటిన బిల్లుకు వడ్డీ: ఈ మూడూ లేని కోటాను నేను సగం కోటాగానే లెక్కిస్తాను.

ఇంకో చిక్కు ఎస్టీల లోపలిది. ఒకే కోటాలో చదువు, రాజకీయ అనుభవం కాస్త ముందున్న లంబాడాలు, అక్షరాస్యతలో బాగా వెనుకబడిన చెంచులు కలిసి ఉన్నారు. మన్ననూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని చెంచు యువకుడు ఆన్‌లైన్ టెండరు వేయడం ఇప్పటికి అరుదే. ఆదిమ తెగలకు విడిగా కొంత భాగం పెట్టడం న్యాయం.

ఇతర దేశాల్లో

అమెరికా 1910లోనే మూలవాసుల సరుకు కొనేందుకు చట్టం చేసింది. కెనడా కొనుగోళ్ల ఒప్పందాల విలువలో కనీసం 5 శాతం మూలవాసీ వ్యాపారాలకు ఇవ్వాలని 2021లో నిర్ణయించింది. ఆస్ట్రేలియా 2015 జూలైలో విధానం ప్రవేశపెట్టి ఒప్పందాల సంఖ్యలో 3 శాతం లక్ష్యంగా పెట్టుకుంది. మొదటి రోజుల నుంచే లక్ష్యాన్ని దాటగలిగింది. యాజమాన్యం నిజంగా మూలవాసులదేనా అని పరిశీలించి ధ్రువీకరించే సంస్థ అక్కడ ఉంది. అయినా బినామీ బెడద అక్కడా తప్పలేదు. ఈ దేశాల్లో ఇలాంటి కొనుగోళ్లను గతంలో జరిగిన అన్యాయానికి ప్రాయశ్చిత్తంలో భాగంగా బహిరంగంగా చెప్పుకుంటారు. మన దగ్గర అవి సంక్షేమ పద్దులోనే ఉండిపోయాయి.

తండా పంచాయతీలు, సౌర పంపులు

2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో 1,177 తండాలు, గూడేలు గ్రామపంచాయతీలయ్యాయి. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు తండాలకు ఇది పెద్ద మలుపు. అదివరకు ఊరి పంచాయతీకి శివారుగా ఉన్న తండా తన ట్రాక్టరు తనే కొన్నది, తన నర్సరీ, తన వైకుంఠధామం తనే కట్టించుకుంది. చెక్కు మీద సర్పంచిగా లంబాడా మహిళ సంతకం చేసింది. కొనే కుర్చీలో కూర్చోవడం కూడా కొనుగోళ్లలో భాగస్వామ్యమే. కానీ అప్పు తెచ్చి పనులు చేయించిన సర్పంచులు బిల్లులు రాక పదవీకాలం ముగిశాక కూడా కార్యాలయాల చుట్టూ తిరిగారు. గుత్తేదారును ముంచిన ఆలస్యం సర్పంచినీ వదల్లేదు.

2025 మే 19న అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలైంది. అటవీ హక్కు పట్టాలున్న 6 లక్షల ఎకరాలకు సౌర పంపులతో నీరివ్వడం, 2.10 లక్షల గిరిజన రైతులకు మేలు చేయడం, 12,600 కోట్లు ఖర్చు చేయడం దాని లక్ష్యాలు. గిరిజనుల భూముల కోసం రాష్ట్రం ఒక్కసారిగా ఇంత కొనుగోలుకు దిగడం అరుదు. బోరు తవ్వే బండి, పంపు, పలక, తీగ, బిగించే మనిషి, చెడితే బాగుచేసే మనిషి అన్నీ ఎక్కడినుంచో రావాలి. పలకలు తండాలో తయారు కావు. బిగింపు, మరమ్మతు, తవ్వకం పనులు మాత్రం ఐటీఐ చదివిన తండా పిల్లల సంఘాలు చేయగలవు. వాటిని సరఫరా కంపెనీల ఉప గుత్తలకు వదలకుండా విడి పనులుగా చీల్చి మన్ననూరు ఐటీడీఏ ద్వారా గిరిజన సంఘాలతో నేరుగా ఒప్పందం చేసుకునే వీలుంది. పెంటలు చాలావరకు పులుల అభయారణ్యం లోపల ఉన్నందున అక్కడ ప్రతి బోరుకూ అటవీ శాఖతో తేల్చుకోవాల్సిన పని కూడా ఆ ఒప్పందంలో ముందే రాసుకోవాలి.